కుళాయి చరిత్రము – గృహధర్మము

తెల్లవాఱుజామున కుళాయిలో నీరు వచ్చు చప్పుడు వినబడగనే మన పట్టణపుటిండ్లలో ఒక పని జరుగుచుండుట అందఱును ఎఱిగినదే. నిన్న పట్టి మూతపెట్టిన బిందెలలోని నీరు, ఎవరును ముట్టనిది, మలినము కానిది, జలదారిలోనికి పోవును. దాని స్థానమున క్రొత్తనీరు నిండును. రేపటి ఉదయమున ఈ క్రొత్తనీటి గతియు అంతే. ఏల పాఱబోసితిరని యడిగినచో "నిన్నటినీరు గదా" యని సమాధానము వచ్చును. నీరు రాదేమోయను భయముతో పట్టి దాచినవారును ఆ యింటివారే. నీరు వచ్చినదను ధైర్యముతో పాఱబోసినవారును ఆ యింటివారే. ఈ భయమునకును ఈ ధైర్యమునకును మూలమొక్కటియే. అది గృహిణుల అజాగ్రత్త కాదు. కుళాయి మన యింటికి వచ్చిన విధమునందే ఆ మూలము కలదు. ఆ చరిత్రమును కొంత చెప్పి, దానినుండి మన యిండ్లకు పనికివచ్చు పాఠమును తీయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బావుల కాలమున నీటిపొదుపును ఎవరును ప్రత్యేకముగ బోధింపలేదు, చేంతాడే బోధించినది. లోతైన నూతినుండి చేదతో తోడిన నీటి విలువ భుజములకు తెలియును. బియ్యము కడిగిన నీరు కుడితిగోలెమునకు పోయెడిది. స్నానపు నీరు జలదారివెంట అరటిపాదునకును కందమొక్కలకును పాఱెడిది. ఒకే నీరు రెండుపనులు చేసినగాని నేలలోనికి ఇంకెడిది కాదు. అయినను ఆ దినములను తలచుకొని నిట్టూర్పు విడుచుట న్యాయము గాదు. ఆ పొదుపునకు మూల్యము చెల్లించినది స్త్రీల నడుములు. తోడినవా రొకరు, గంగాళము నిండుగ పోసికొన్నవారు మఱియొకరు. అంతకంటె ఘోరమైన మాట యింకొకటి కలదు: ఊరిబావిని ముట్టుటకే వీలులేక, ఎవరైన దయతలచి దూరమునుండి పోయుదురా యని కడవతో నిలిచిన కుటుంబములు ప్రతి గ్రామమునను ఉండెడివి. 1927 మార్చి 20న మహాడ్ పట్టణమున అంబేద్కరుగారు వేలాదిజనముతో చవదార్ చెఱువునకు నడచి నీరు త్రాగుట దేశచరిత్రలో ఒక ఘట్టమైనదనగా, గుక్కెడు నీటికి ఎంతటి అడ్డుగోడ యుండెనో ఊహింపవచ్చును. కుళాయి ఈ గోడను కొంతవఱకైన పడగొట్టినది. కావున కుళాయిని నిందించుటకు గాక, దానిని సరిగా వాడుకొనుట నేర్చుకొనుటకే చరిత్రమును తెలిసికొనవలెను.

ఆనాటి తెలుగువారికి విద్యాస్థానమును ముద్రణస్థానమును అయిన చెన్నపట్టణమునే తీసికొందము. 18వ శతాబ్దిలో కోటవారికి ఏడుబావుల నీరు ఏర్పాటయ్యెను. ఊరిప్రజలు తమ పెరటిబావులను, కోనేళ్లను నమ్ముకొని బ్రతికిరి. ఫ్రేజరు అను ఇంజనీరు సిద్ధపఱచిన పథకము ప్రకారము 1872లో ఎఱ్ఱకొండల చెఱువునుండి నగరమునకు నీరు వచ్చెను. ఆ నీరు వడగట్టబడక వచ్చినదే. 1914లో కీలుపాకమున ఇసుకవడపోత తొట్లు ఏర్పడెను. 1944లో పూండి జలాశయము పూర్తియయ్యెను. నీటికి మూలము పెరిగినకొలది ఊరును పెరిగెను. కుళాయి వీధివీధికిని వచ్చినది గాని, దినమంతయు వచ్చినది కాదు. కొన్నిగంటలు వచ్చును, పిమ్మట ఆగును. ఈ "గంటల కుళాయి" మన పట్టణములన్నిటికిని అలవాటై, ఇది ప్రకృతిధర్మమేయను భ్రమ కలిగినది. కాని ఈ పద్ధతి మనది కాదు. కుళాయిని మనకు పంపిన ఇంగ్లండే ఒకప్పుడు ఇట్లే బాధపడి, దానినుండి బయటపడినది. ఆ బయటపడిన విధము తెలిసికొనదగినది.

19వ శతాబ్ది పూర్వార్ధమున లండనునగరమునకు నీరిచ్చెడివి పలు ప్రయివేటు కంపెనీలు. అవి వారమున కొన్నిదినములు, దినమున కొన్నిగంటలు మాత్రమే నీరు విడిచెడివి. కలిగినవారి యిండ్లలో సీసపు తొట్లుండెడివి. పేదల సందులలో పలుకుటుంబములకు కలిపి ఒకే గొట్టము. నీరు విడిచిన కొలది సమయములో స్త్రీలు, పిల్లలు కుండలతో త్రోసికొని పట్టుకొనవలసివచ్చెడిది. అక్కడను మన యింటి తంతే జరిగెను. తిరుగుడు బిరడాలను తెఱచియుంచెడివారు. నీరు వచ్చి తొట్టి నిండి పొర్లిపోయినను కట్టువారు లేరు. నీరు దినమంతయు ఇయ్యుడని ప్రజలడిగినప్పుడు కంపెనీలవారు, "కొన్నిగంటలకే ఇంత దుబారా యైనచో దినమంతయు నిచ్చిన ఏమి మిగులును?" అని ప్రత్యుత్తరమిచ్చిరి. మాట వినుటకు సమంజసముగ నున్నది. మన నగరములలోను నేటికి వినబడుచున్న మాట యిదియే.

ఈ మాట తప్పని నిరూపించినవాడు థామస్ హాక్స్లీ అను ఇంజనీరు. ఆయన 1830 దశకములో నాటింగుహాము పట్టణమున ట్రెంటునది నీటిని రాత్రింబవళ్లు ఒత్తిడితో గొట్టములలో నిలిపి యుంచెను. 1844లో పట్టణముల ఆరోగ్యవిచారణ సంఘమువారియెదుట ఆయన ఇచ్చిన సాక్ష్యముయొక్క సారమిది: నిరంతరము నీరిచ్చినచో జనులు దాచుకొనరు, దాచుకొననివారు పాఱబోయరు, కుళాయి చెడినచో వెంటనే కనబడును, కనబడినది బాగుచేయబడును. ఎల్లప్పుడును దొరకునని తెలిసిన వస్తువును ఎవరును మితిమీరి కూడబెట్టరనుట మనుష్యస్వభావమే. అన్నదానముచేయు సత్రములో మొదటిపంక్తి వారికి ఆత్రము, రెండవపంక్తి కూడ కలదని తెలిసిన చోట నెమ్మది. ఆత్రమున్నచోట ఆకులలో అన్నము మిగులును.

అయితే కంపెనీలవారి మాటలో సత్యమేమియు లేదా? ఉన్నది. చెడిన కుళాయి దినమునకు రెండుగంటలు కాఱినదానికంటె ఇరువదినాలుగుగంటలు కాఱినది పండ్రెండింతలు నష్టము కలిగించును. అందుచేత నిరంతరపు నీటికి మంచి పరికరములు తప్పవు. ఈ అక్కఱయే ఆ దేశమున కుళాయివిద్యను పెంచినది. పాతకాలపు తిరుగుడుబిరడా, లోహము లోహముతో ఒరసికొని కొలదికాలములోనే అరిగి కాఱెడిది. 1845లో రాథర్‌హాము పట్టణమునకు చెందిన ఎడ్వర్డ్ క్రైమ్స్ మరత్రిప్పి మూసెడి కుళాయికి పేటెంటు పొందెను. ఇందు నీటిని ఆపునది లోహము కాదు, ఒక మెత్తని బిళ్ల. మొదట తోలుబిళ్ల, తరువాత రబ్బరుబిళ్ల. కుళాయి చెడినచో కుళాయిని మార్చనక్కఱలేదు. బిళ్లను మార్చిన చాలును. మన యిండ్లలో "వాషరు పోయినది" అని చెప్పుకొనుచు నెలలతరబడి ఊరకుండునది ఈ బిళ్ల గుఱించియే.

మఱుగుదొడ్డి తొట్టిచరిత్రము ఇంకను విచిత్రమైనది. మొదట మఱుగుదొడ్డికి గొట్టమునుండి నేరుగా నీరు వచ్చెడిది; త్రిప్పినవాడు మఱచినచో పాఱుచునే యుండును. 1871లో లండను నీటిచట్టము నిరంతర సరఫరాను ముందునకు త్రోయగా, దానిక్రింద ఏర్పడిన నిబంధనలు ప్రతి మఱుగుదొడ్డికిని ఒక తొట్టి యుండవలెననియు, ఒక్కమాఱునకు 2 గ్యాలనులకు, అనగా సుమారు 9 లీటర్లకు, మించి విడువరాదనియు శాసించెను. ఆ తొట్టికి వారు పెట్టిన పేరే "దుబారా నివారిణి". నేడు మనము గోడమీద చూచు తొట్టి సౌఖ్యముకొఱకు పుట్టినది కాదు, పొదుపుకొఱకు పుట్టినదనుట ఎంతమందికి తెలియును? ఆనాటి ఆ దేశపు తొట్టిలో నీరు వంపుగొట్టముద్వారా ఎత్తబడి దిగెడిది; అడుగున మూతయే లేకుండెను, కావున అరిగి కాఱుటకును అవకాశము లేకుండెను. నేడు మన యిండ్లలో విరివిగా నున్న తొట్లకు అడుగున రబ్బరుమూత యుండును. అది అరిగినచో చప్పుడు లేకుండ, కంటికి కనబడకుండ, రాత్రింబవళ్లు నీరు జాఱిపోవును.

లివర్‌పూల్ నగరపు కథతో ఈ చరిత్రము ముగియును. ఆ నగరము కొండలలో గొప్ప జలాశయములు కట్టించికొనియు, నీరు చాలక మరల గంటల కుళాయికే దిగెను. 1871లో నగరపు ఇంజనీరైన జార్జి డీకన్ క్రొత్త చెఱువును వెదకుటకు ముందు ఉన్ననీరు ఎటుపోవుచున్నదో వెదకెను. 1873లో ఆయన ఒక యంత్రమును కల్పించెను. ఒక్కొక్క పేటకు పోవు పెద్దగొట్టమున దీనిని అమర్చినచో, గడియారముచే తిరుగు కాగితముమీద నీటిప్రవాహము గీతగా వ్రాయబడును. పగటి గీత ఎత్తుపల్లములతో నుండును. అది జనుల వాడుక. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఊరంతయు నిద్రించుచుండగా ఆ గీత సున్నకు దిగవలెను. దిగలేదు! నిద్రించుచున్న ఊరు నీరు త్రాగుచుండెను. ఉద్యోగులు రాత్రివేళ వీధులలో నడచి, ఇంటింటి గొట్టపుమూతకు కఱ్ఱ ఆనించి చెవిపెట్టి, ఏ యింట నీరు బుసకొట్టుచున్నదో వినిరి. పగలు పోయి ఆ కుళాయిలను, తొట్లను బాగుచేయించిరి. క్రొత్తగ చుక్కనీరు తేకయే లివర్‌పూల్ మరల నిరంతరపు కుళాయిని పొందగలిగెను. పెరిగెడి జనమునకు వర్న్వీ జలాశయపునీరు 1892లో గాని రాలేదు. మొదట చిల్లులు పూడ్చుట, పిమ్మట చెఱువు త్రవ్వుట: ఇదియే డీకన్ నేర్పిన క్రమము.

మనము ఈ క్రమమును తలక్రిందులు చేసితిమి. హైదరాబాదును చూడుడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై వరద నాపి త్రాగునీరిచ్చెను. అవి నగరమునకు ఇరుగుపొరుగులు. అవి చాలక మంజీర వచ్చెను. అదియు చాలక 2004లో కృష్ణయు, 2015లో గోదావరియు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి యంత్రములచే ఎత్తబడి వచ్చెను. చెన్నపట్టణమునకై 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తమ కృష్ణాజలములనుండి ఐదేసి టి.ఎం.సి.లు విడుచుట కంగీకరించెను. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. 1996లో ఆ నీరు పూండికి చేరెను. రాయలసీమ దాహమును, నెల్లూరు దాహమును ప్రక్కనుంచుకొని పాఱిన నీరది. అయినను 2019 వేసవిలో చెన్నపట్టణపు జలాశయములు ఎండి, జూలైలో జోలార్‌పేటనుండి రైలుబండ్లలో నీరు తేవలసివచ్చెను. ఇంత దూరమునుండి, ఇందఱి అంగీకారముతో, ఇంత వ్యయముతో వచ్చిన నీటిని మన జలదారిలో పాఱబోయునప్పుడు "నిన్నటినీరు" అనుట ఎంతటి మాట!

గంటల కుళాయివలన రెండు కీడులు కలవు. మొదటిది రోగము. గొట్టములో ఒత్తిడి యున్నంతసేపు చిల్లునుండి నీరు బయటికి పోవును. నీరు ఆగి గొట్టము ఖాళీ యైనప్పుడు అదే చిల్లునుండి మురుగు లోనికి పోవును. చిల్లు రెండువైపుల ద్వారము. రెండవది అన్యాయము. నీరు వచ్చు గంటలో ఎగువయింటివాడు గొట్టమునకే మోటారు తగిలించి లాగికొని, మేడమీది తొట్టి నింపి, అది పొర్లుచుండగా వీధికొనయింటి యిల్లాలు ఖాళీ బిందెతో నిలుచుండును. పొర్లిన నీరు నదిది కాదు, ప్రభుత్వముది కాదు, ఆమె బిందెలోనిది. ఒకప్పుడు నూతిగట్టున కులము నిలిపిన అడ్డుగోడను నేడు మోటారు నిలుపుచున్నది. సంస్కారవంతులమని చెప్పుకొను మనము ఆ గోడను గుర్తింపకుండుట తగునా?

నిరంతరపు కుళాయి మనదేశమునకు అసాధ్యమనువారికి కర్ణాటకమును, పూరీని చూపవచ్చును. 2008 ప్రాంతమున హుబ్బళ్లి-ధారవాడ, బెళగావి, కలబురగి నగరములలో కొన్ని పేటలకు గొట్టములు మార్చి, మీటర్లు పెట్టి, రాత్రింబవళ్లు నీరిచ్చిరి. 2021లో పూరీపట్టణమున కుళాయినుండి నేరుగ త్రాగదగిన నీరు రేయుంబగలు ఇచ్చుట ఆరంభమయ్యెను. కాని ఆ దినము మన ఊరికి వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? డీకన్ ఊరికి చేసినదానిని ప్రతి గృహస్థుడును తన యింటికి చేసికొనవచ్చును.

రాత్రి అందఱును పరుండుటకు ముందు మీటరు అంకెను వ్రాసికొనుడు. మీటరు లేనిచోట మేడమీది తొట్టిలో నీటిమట్టమునకు గుఱుతు పెట్టుడు. మోటారు ఆపియుండవలెను, తొట్టిలోనికి కుళాయినీరు వచ్చు మార్గమును కట్టియుండవలెను. తెల్లవాఱి ఎవరును నీరు ముట్టకముందు మరల చూడుడు. అంకె కదలినను, మట్టము తఱిగినను, మీ యిల్లు నిద్రలో నీరు త్రాగుచున్నదన్నమాట. పిమ్మట దొంగను పట్టవలెను. కాఱెడి కుళాయిక్రింద లీటరు చెంబు ఉంచుడు. గంటలో నిండినచో దినమునకు 24 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు. మఱుగుదొడ్డి తొట్టిలో కొంచెము బట్టల నీలిమందు కలిపి అరగంట ఊరకుండుడు. క్రింది పాత్రలో నీలిరంగు కనబడినచో అడుగుమూత అరిగినది. ఈ రెంటికిని కావలసిన వాషరు, మూత స్వల్పవ్యయముతో దొరకును. వ్యయము లేక కాదు, వాయిదాచేతనే కాఱుచున్నవి. మేడమీది తొట్టికి నీరు నిండగనే తానే మూసికొను తేలుడుబంతి యుండవలెను. మోటారు వేసి మఱచుట అనెడి దురలవాటునకు అదియే మందు.

క్రొత్తయిల్లు కట్టువారు మఱుగుదొడ్డిపై ప్రత్యేకదృష్టి నిలుపవలెను. 1980లో ఆస్ట్రేలియాలో బ్రూస్ థాంప్సన్ రెండుమీటల తొట్టిని రూపొందించెను: చిన్నపనికి కొద్దినీరు, పెద్దపనికి నిండునీరు. 1994 మొదలు 1997 వఱకు న్యూయార్కు నగరమువారు ఇంటియజమానులకు కొంత సొమ్మిచ్చి, సుమారు 13 లక్షల పాత మఱుగుదొడ్లను తీయించి, 6 లీటర్లతో పనిచేయువానిని పెట్టించిరి. ఎవరి అలవాటును మార్చుకొమ్మనక్కఱలేకయే నీరు మిగిలెను. పరికరము ఒక్కమాఱు బాగుగ ఎన్నుకొన్నచో ప్రతిదినమును మనకు బదులు అదియే పొదుపు చేయును.

అలవాట్లకును అంతటి శక్తి కలదు. 2018 ఫిబ్రవరిలో కేప్‌టౌను నగరవాసులు, జలాశయము లెండుచుండగా, మనిషికి దినమునకు 50 లీటర్లతో సరిపెట్టుకొనవలెనని ఆజ్ఞ పొందిరి. వానలు వచ్చువఱకు కుళాయి ఎండకుండ కాపాడుకొనిరి. మనదేశపు నగరములకు ప్రభుత్వమువారు పెట్టుకొన్న ప్రమాణము 135 లీటర్లు. అందుచేత ఎవరిని దాహముతో మాడ్చనక్కఱలేదు. పండ్లు తోముకొనునప్పుడు చెంబుతో నీరు పెట్టుకొనుడు. తలపై జల్లుకుళాయి విప్పి నిలుచుటకంటె బాల్చీస్నానము మేలు. బాల్చీకి అంతు కలదు. ఆకుకూరలను గిన్నెలో కడిగి, ఆ నీటిని మొక్కలకు పోయుడు. నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము ఒక లీటరునకు సాధారణముగ రెండుమూడు లీటర్లను విడిచివేయును. ఆ నీటిని పట్టియుంచినచో నేల తుడుచుటకు చాలును. ఇవన్నియు కుడితిగోలెమునకును అరటిపాదునకును క్రొత్త రూపములే. భేదమేమనగా ఆనాడు చేంతాడు బలవంతపెట్టినది. నేడు తెలివి పూనుకొనవలెను. ఆనాడు స్త్రీ ఒక్కతె మోసినది. నేడు వాషరు మార్చుట, తొట్టి చూచుట పురుషుని పనియు కావలెను.

ఇక "నిన్నటినీరు" మాట. శుభ్రమైన పాత్రలో పట్టి, మూతపెట్టి, కాడగరిటెతో ముంచుకొన్న నీరు ఒక్క రాత్రిలో పాడుకాదు. చేయి ముంచినచో పాడగును. మూత లేనిచో దోమ గ్రుడ్లు పెట్టును. దోషము నీటి వయస్సునందు లేదు, మన పాత్రయందును చేతియందును ఉన్నది. దాచిన నీటిని మొదట వాడి, పాత్ర ఖాళీయైన పిమ్మట తోమి ఆరబెట్టి, క్రొత్తనీరు పట్టుటయే మడి. వారమునకొకనాడు తొట్లన్నియు ఆరబెట్టినచో దోమలకును తావుండదు.

రేపు తెల్లవాఱుజామున కుళాయి చప్పుడైనప్పుడు, బిందెను వంచుటకు ముందు ఒక్క క్షణము వీధికొన యింటిని తలచుకొనుడు. ఆ యింట ఇంకను చప్పుడు కాలేదు.